ముప్పైనాలుగుసార్లు ‘ఇంగ్లండ్ ప్రజలు’

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ‘స్కాట్లండ్ స్వాతంత్ర్యం: పొరుగువారి మనోగతం’ వ్యాసం అందింది. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని. ‘ఇంగ్లండ్ ప్రజలు’ అన్న మాట ముప్పైనాలుగుసార్లు వచ్చింది. ఇంగ్లండ్ ప్రజలు భావిస్తున్నారు, ఇంగ్లండ్ ప్రజలు ఆందోళన చెందుతున్నారు, ఇంగ్లండ్ ప్రజలు విస్మయం వ్యక్తం చేశారు. ముప్పైనాలుగూ కొట్టేశాను. ఈ దేశానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. అందులో ఇరవైరెండేళ్ళు నార్తంబర్లండ్‌లో, స్కాట్లండ్ సరిహద్దు పక్కనే, కుటుంబ వైద్యుడిగా పనిచేశాను. ఇంగ్లండ్ ప్రజలు అనే పేషెంటు ఒక్కసారి కూడా నా గదిలోకి రాలేదు.

నీ భాష బాగుంది. ఇక అసలు సంగతి.

‘ట్వీడ్ నదికి ఇవతల ఇంగ్లండ్, అవతల స్కాట్లండ్’ అని మొదలుపెట్టావు. ఎగువన కొంత మేర అది నిజమే. కానీ నువ్వు వర్ణిస్తున్నది బెరిక్ పట్టణాన్ని. (బెర్విక్ అని రాశావు. స్పెల్లింగు చూసి అందరూ అలాగే అంటారు, ఊళ్ళోవాళ్ళు బెరిక్ అంటారు.) ఆ ఊరు ట్వీడ్‌కు ఉత్తరపు ఒడ్డున ఉంది, అయినా ఇంగ్లండే. ఇంకో మూడు మైళ్ళు పైకి వెళ్తేగాని స్కాట్లండ్ రాదు. పదిసార్లకు పైగా రెండు రాజ్యాల మధ్య చేతులు మారి, 1482 నుంచి ఇంగ్లండ్ చేతిలో ఉండిపోయింది. ఊరి ఫుట్‌బాల్ జట్టు మాత్రం స్కాట్లండ్ పోటీల్లో ఆడుతుంది. 1967లో గ్లాస్గో రేంజర్స్‌ను స్కాటిష్ కప్పులో ఒక్క గోలుతో ఇంటికి పంపింది కూడా. నువ్వు దిగితే ఈ ఊళ్ళో దిగాలి. నువ్వేమో రైలు కిటికీలోంచి వంతెన చూసి వెళ్ళిపోయావు. ఆ ఊరు రష్యాతో ఇంకా యుద్ధంలోనే ఉందన్న ముచ్చట కూడా రాశావు. అది కట్టుకథ, తీసెయ్యి.

నా దగ్గరికి ఒక లారీ మెకానిక్కు వచ్చేవాడు. అప్పటికి యాభై ఏడేళ్ళు. (గుర్తులు మార్చాను, కంగారుపడకు.) రక్తపోటుకు రెండు రకాల మాత్రలు. 2014లో ఇంగ్లండ్‌లో చీటీ మీద రాసిన ఒక్కో మందుకూ 8 పౌండ్ల 5 పెన్నీలు కట్టాలి. అరవై దాటితే ఉచితం, ఆయన ఇంకా దాటలేదు. స్కాట్లండ్‌లో 2011 నుంచి అందరికీ ఉచితం. చీటీ రాసిన ప్రతిసారీ ఆయన ఉత్తరం వైపు చెయ్యి చూపించి ‘అక్కడైతే ఊరికే ఇస్తారు, మా డబ్బుతో’ అనేవాడు. మన మాటల్లో చెప్పాలంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తున్నాడన్నది ఆయన ఫిర్యాదు. కూతురు అప్పుడు ఎడిన్‌బరోలో చదువుతోంది. స్కాట్లండ్ పిల్లలకు ఫీజు లేదు. యూరోపియన్ యూనియన్ సూత్రం ప్రకారం అప్పట్లో జర్మనీ నుంచి వచ్చిన పిల్లకూ ఉండేది కాదు. మూడు మైళ్ళ దిగువ నుంచి వెళ్ళిన ఈయన కూతురికి మాత్రం ఏడాదికి 9,000 పౌండ్ల దాకా. ‘పోతే పోనీ డాక్టర్, పీడా వదిలిపోతుంది’ అనేవాడు.

స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని 2014 సెప్టెంబరు 18న అక్కడ ఓటింగు జరిగింది. పందొమ్మిదో తేదీ పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు దగ్గర నిలబడ్డాడు. రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాడట. రక్తపోటు చూస్తే నాకే భయం వేసింది. ‘పోలేదు’ అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను మందు మోతాదు పెంచి చీటీ రాసిచ్చాను. చీటీ చూసుకుని, మళ్ళీ ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు.

ఇప్పుడు చెప్పు, ఈయన అభిప్రాయం ఏమిటి? ఆగస్టులో ఫోను చేసి అడిగిన సర్వేవాడి పట్టికలో ‘విడిపోవాలి’ అన్న గడిలో పడతాడు. సెప్టెంబరు పందొమ్మిదిన అడిగితే ఇంకో గడిలో. రెండు జవాబులూ నిజమే. నీ పదకొండు పేజీల్లో ఈయనకు చోటే లేదు, ఎందుకంటే నువ్వు రాసిన వాక్యాలకు కర్తలు లేరు. ‘అసంతృప్తి వ్యక్తమవుతోంది’ అన్నావు ఆరో పేజీలో. ఎవరికి? ఏ వంటగదిలో? టీ తాగుతూనా, బిల్లు కడుతూనా? ‘వ్యక్తమవుతోంది’ అనేది తెలుగు పత్రికలు కనిపెట్టిన దయ్యం. చేసేవాడు ఉండడు, పని మాత్రం జరిగిపోతూ ఉంటుంది.

ఈ మెకానిక్కు గురించి నేను అప్పుడే ఒక చిన్న వ్యాసం రాసి, మన పక్క పత్రిక ఒకదానికి పంపాను. పేరు చెప్పను. అచ్చయి వచ్చింది. మెకానిక్కు లేడు, మాత్రల చీటీ లేదు. ‘ఆంగ్లేయ ప్రజానీకం ఊపిరి పీల్చుకుంది’ అని మొదటి వాక్యం. నేను పెట్టిన పేరు పోయి, పైన ‘విడాకుల అంచు నుంచి వెనక్కి’ అని శీర్షిక. ఫోను చేస్తే సంపాదకుడు, ‘ఆ మెకానిక్కు ఎవరండీ, మన పాఠకులకు ఎందుకు?’ అన్నాడు. పన్నెండేళ్ళవుతోంది, ఆ మాట ఇంకా పంటి కింద రాయిలా ఉంది. అంతకుముందు మరో సంపాదకుడు నా కథను ‘నేపథ్యం మనది కాదు’ అని తిప్పిపంపాడు. రాత్రి డ్యూటీల మధ్య, ఆస్పత్రి కాగితాల వెనక రాసిన కథ అది. ఇప్పుడు విదేశీ నేపథ్యం అంటే చాలు, ప్రత్యేక సంచికలు వేస్తున్నారు. సరే, వదిలెయ్యి.

నీ అంకెల సంగతి. 55.3 శాతం వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు, 84.6 శాతం ఓటింగు. ఇవన్నీ సరిగ్గానే రాశావు. అయితే ఓటు ఎవరికి ఉందో రాయలేదు. అది రాసి ఉంటే పొరుగువాడి కడుపుమంట సగం అర్థమయ్యేది. మా అక్క కొడుకు గ్లాస్గో ఆస్పత్రిలో చేరి ఏడాది దాటింది అప్పటికి. భారత పాస్‌పోర్టు. కామన్‌వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధంగా స్కాట్లండ్‌లో ఉంటే ఓటు వెయ్యొచ్చు కాబట్టి వెళ్ళి వేశాడు. పదహారేళ్ళ పిల్లలూ వేశారు. మా క్లినిక్‌లో నర్సు స్కాట్లండ్‌లోని డండీలో పుట్టింది, పెళ్ళయి బెరిక్‌లో స్థిరపడింది. ఆమెకు లేదు. ఇంగ్లండ్‌లో బతుకుతున్న స్కాట్లండ్ బిడ్డలు ఏడు లక్షల పైచిలుకు, ఒక్కరికీ లేదు. మావాడు ఓటు వేసి నాకు ఫోను చేసి నవ్వుతుంటే, ఆమె పక్క గదిలో సూదులు సర్దుతోంది. నేను గొంతు తగ్గించాను.

ఓటు లేనివాడు ఇంకేం చేస్తాడు? ఆ ఏడాది గ్రెట్నా దగ్గర, సరిహద్దు పక్కన, ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి రాళ్ళు పేర్చారు, వెళ్ళొద్దని చెప్పడానికి. రాళ్ళ మీద రంగులతో పేర్లు, మాటలు. నేనూ మా ఆవిడా వెళ్ళి చూశాం. నేను రాయి పెట్టలేదు. జేబులో ఒకటి ఉంది, అది వేరే సంగతి.

బతిమాలిన వాళ్ళే ఎనిమిది నెలల్లో మాట మార్చారని మాత్రం తప్పక రాయి. 2015 మే ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ ఒక పోస్టరు వేసింది. లేబర్ నాయకుడు మిలిబాండ్ బుల్లి మనిషిలా, విడిపోదామన్న స్కాట్లండ్ నాయకుడు సాల్మండ్ కోటు జేబులో నిలబడి ఉంటాడు. సెప్టెంబరులో ‘మా మనిషివి, ఉండిపో’ అన్నారు, మేలో ‘వీడొచ్చి మన నెత్తిన కూర్చుంటాడు’ అన్నారు. తరువాత 2019 జూన్‌లో యూగవ్ సర్వేవాళ్ళు అదే పార్టీ సభ్యులను అడిగారు, బ్రెగ్జిట్ కోసం స్కాట్లండ్ విడిపోయినా ఫరవాలేదా అని. 63 శాతం ఫరవాలేదన్నారు. ఆ పార్టీ పూర్తి పేరులో ‘యూనియనిస్ట్’ అనే మాట, అంటే ఐక్యత కోరేవాళ్ళని, ఇప్పటికీ ఉంది. ఈ అంకె నీ వ్యాసంలో తొమ్మిదో పేజీ అడుగున, బ్రాకెట్లో పడి ఉంది. నాకైతే దీని చుట్టూనే ఒక వ్యాసం రాయాలనిపిస్తుంది. దీనికి బదులు వెస్ట్ లోథియన్ ప్రశ్నకు రెండు పేజీలు ఖర్చుపెట్టావు. స్కాట్లండ్‌కు సొంత చట్టసభ ఉంటే, స్కాట్లండ్ ఎంపీ ఇంగ్లండ్ బడుల మీద ఓటేస్తాడు, ఇంగ్లండ్ ఎంపీ స్కాట్లండ్ బడుల మీద వెయ్యలేడు, 1977లో ట్యామ్ డియెల్ అనే స్కాట్లండ్ ఎంపీయే ఈ తిరకాసు ఎత్తిచూపాడు. అయిపోయింది. రెండు వాక్యాలు.

వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లను ఒకే పేరాలో ‘ఇతర పొరుగువారు’ అని కట్టేశావు. వాళ్ళు ఒకే గాటన కట్టేంత పోలిక ఉన్నవాళ్ళు కారు. వేల్స్‌కూ స్వాతంత్ర్యం కావాలనే ప్లయిడ్ కమ్రీ పార్టీ స్కాట్లండ్ పక్షాన నిలిచింది. మిగతావాళ్ళలో చాలామందిది, ఐదు కోట్లు దాటిన ఇంగ్లండ్ పక్కన ముప్పై లక్షల మందిమి ఒంటరిగా మిగిలిపోతామన్న దిగులు. ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంట్లలో ఎందరికో పూర్వీకులు స్కాట్లండ్ నుంచే వచ్చారు. ఆంట్రిమ్ తీరం నుంచి చూస్తే స్కాట్లండ్ కొండలు కనిపిస్తాయి, మధ్య సముద్రం ఒకచోట పన్నెండు మైళ్ళే. పోలింగుకు ఐదు రోజుల ముందు ఎడిన్‌బరోలో ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టెంట్ సంఘం ఊరేగింపు జరిగితే, వాళ్ళలో కొందరు పడవ దాటి వచ్చి నడిచారు. తాము ఎవరితో ‘కలిసి’ ఉన్నామని చెప్పుకుంటున్నారో, ఆ దేశమే లేచిపోతే తమ సంగతేమిటని వాళ్ళ భయం. దీన్ని ‘ఇతర’ అంటావా?

చివరి పేరాలో ‘మన రాష్ట్ర విభజనలాగే’ అన్నావు. అక్కడ పెన్సిలు ముక్కు విరిగింది. ఏది ఎలాగే? అక్కడ కొత్త రాష్ట్రం, ఇక్కడ కొత్త దేశం. అక్కడ మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు చేసింది, శాసనసభ 2014 జనవరి 30న బిల్లును తిరస్కరించినా ఆగలేదు, ఊళ్ళో మనిషిని ఎవరూ బ్యాలెట్ ఇచ్చి అడగలేదు. ఇక్కడ స్కాట్లండ్‌లో ఉన్నవాళ్ళను మాత్రమే అడిగారు, పొరుగువాడిని అడగలేదు. రెండూ ఒకే ఏడాది, జూన్ 2, సెప్టెంబరు 18 కావడం వల్ల నీకు పోలిక తోచింది, నిజమే. మాది గుంటూరు, మా ఆవిడది నల్లగొండ. ఆ జూన్ 2న మా ఇంట్లో టీవీ కట్టేసి ఉంది. ఇంతకంటే రాయను. నువ్వూ ఆ వాక్యం తీసెయ్యి.

ఇంతకీ నేను జవాబు రాయడానికి కారణం ఇదేదీ కాదు. ఎనిమిదో పేజీలో, గ్లాస్గోలో నువ్వుంటున్న ఇంటి యజమానురాలి గురించి ఒకటిన్నర వాక్యం ఉంది. ‘ఆమె చెల్లెలు కార్లైల్‌లో ఉంటుంది. 2014 తరువాత ఈ విషయం వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు’ అని రాసి, వెంటనే ‘కాగా ఇంగ్లండ్ ప్రజలు’ అంటూ వెళ్ళిపోయావు. ‘కాగా’ దగ్గర నేను చదవడం ఆపి, లేచి టీ పెట్టుకున్నాను. గ్లాస్గో అక్కకు ఓటుంది, సరిహద్దుకు ఇవతల ఇంగ్లండ్‌లో ఉన్న కార్లైల్ చెల్లెలికి లేదు. పదకొండు పేజీల్లో వెతుకుతున్నది నీ వంటగదిలోనే ఉంది, నువ్వు అద్దె కట్టి పైకి వెళ్ళిపోతున్నావు.

కలం పేరు గురించి, ఎవరికి పంపాలన్నదాని గురించి అడిగావు. తరువాత చూద్దాం.

ఈ ఆదివారం ఆమెతో కూర్చో. ‘స్వాతంత్ర్యం గురించి మీ చెల్లెలు ఏమనుకుంటోంది’ అని అడగకు, ఆమెకు తెలియదు. ఆ ఏడాది క్రిస్మస్ ఎవరింట్లో జరిగింది, వంట ఎవరు చేశారు, చెల్లెలు ఎన్నింటి రైలుకు వెళ్ళిపోయింది, అవి అడుగు. చెప్పింది చెప్పినట్టు నాకు రాసి పంపు.