కోళ్ల గంప కింద భోజనం

భోజనాల గదికి తక్కువ ఖర్చుతో వేలాడే దీపాన్ని మనమే తయారు చేసుకోవచ్చా, చేసుకుంటే అది చూడటానికి బాగుంటుందా అని మీరు అడిగారు. చేసుకోవచ్చు. ఏలూరులోని మా ఇంట్లో ఆరేళ్లుగా భోజనాల బల్ల మీద వేలాడుతున్నది కోళ్ల గంపే. బాగుంటుందా అన్న రెండో ప్రశ్నకు మాత్రం నా సమాధానం ఒకటి, మా అత్తగారి సమాధానం మరొకటి.

కొత్త ఫ్లాటులోకి మారినప్పుడు అందరిలాగే మేమూ దీపాల దుకాణానికి వెళ్లాము. అక్కడ వెదురుతో అల్లిన ఒక దీపాన్ని చూపించి, ఇది పూర్తిగా చేతి అల్లిక, విదేశీ డిజైను అని చెప్పి 7,800 రూపాయలు అడిగారు. దాని కింద నిలబడి తల పైకెత్తి చూడగానే మా అమ్మమ్మగారి పెరట్లో సాయంత్రంపూట పెట్టను, పిల్లలను కమ్మేసే గంప గుర్తుకు వచ్చింది. అదే అల్లిక, అదే బోర్లింపు, పైన చెయ్యి దూరేంత రంధ్రం కూడా అదే. మర్నాడు మేదర్ల దగ్గరికి వెళ్లి రెండడుగుల వెడల్పున్న గంప కావాలని అడిగితే, అల్లుతున్న పెద్దావిడ తలెత్తకుండానే, "ఎన్ని కోళ్లున్నాయి బాబూ?" అన్నది. దీపానికని చెప్పాక తలెత్తి చూసింది కానీ, 250 రూపాయల ధరలో మాత్రం రూపాయి కూడా తగ్గించలేదు. తగ్గించమని అడగడం నాకూ సబబనిపించలేదు.

ఇలాంటి గంపలో బల్బు పెట్టుకోవడం మా నాన్నగారి కాలంలో అయితే సాహసమే అయ్యేది. పాత తీగ బల్బు తీసుకున్న విద్యుత్తులో పదింట తొమ్మిది వంతులకు పైగా వేడిగానే పోయేది కాబట్టి, 60 వాట్ల బల్బు చుట్టూ ఎండు వెదురు, గుడ్డ, కాగితం వంటివి పెట్టడానికి ఎవరైనా భయపడేవారు. ఇప్పుడు అదే వెలుతురును 8, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇస్తున్నది. 2015లో ఎల్ఈడీ బల్బులను చవకగా అందించే ప్రభుత్వ పథకం ఉజాలా వచ్చాక ఈ బల్బులు చాలా ఇళ్లకు చేరాయి, వాటి ధర కూడా దిగివచ్చింది. ఇంట్లో దీపాలు తయారు చేసుకోవాలనే మన సరదాకు అసలు ఆధారం ఈ మార్పే తప్ప మన పనితనం కాదు.

అయితే చవకగా దొరుకుతున్నాయి కదా అని మనవాళ్లు ఇల్లంతా 6500 కెల్విన్ల తెల్ల బల్బులతో నింపేశారు. దుకాణంలో బల్బు అడిగితే రంగు అడగకుండా పాలవంటి తెలుపునే చేతిలో పెడతారు. ఆ వెలుతురులో ముద్దపప్పు సున్నంలాగా, వంకాయ కూర నిన్నటిదిలాగా కనబడుతుంది. రుచిలో సగం వెలుతురే అని నా నమ్మకం. దీనికి రుజువు అడిగితే మా ఇంటికి భోజనానికి రమ్మనడం తప్ప నేను చేయగలిగింది లేదు. కెల్విన్లు వెలుతురు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు తిరుగుతుంది. బల్బు పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్లు అని ఉన్నదే తీసుకోండి. రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్ఐ అనే అంకె కూడా కొన్ని పెట్టెల మీద ఉంటుంది. అది 90 దాటిన బల్బు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా వదలవద్దు, ఆవకాయ ఎరుపు ఎరుపుగా కనబడేది దాని కిందనే.

గంప, బల్బు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. మన బిల్డర్లు భోజనాల గది నడినెత్తిన ఫ్యాను కొక్కెం పెడతారు, దీపానికి మాత్రం ఏదో ఒక గోడ మీద పాయింటు ఇస్తారు. బల్ల మీద వెలుతురు పడాలన్న ఆలోచన ఇంటి ప్లాను గీసేవారికి ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫ్యాను కింద దీపం వేలాడదీయలేము, ఫ్యాను పైన పెడితే రెక్కల నీడలు కంచాల మీద గిర్రున తిరుగుతాయి. చివరికి బల్లనే ఫ్యాను కింది నుంచి మూడడుగులు గోడ వైపు జరిపి, దాని సరిగ్గా పైన స్లాబులో ఫాస్టెనరు బిగించి, గోడ మీది పాయింటు నుంచి అక్కడి వరకు కేసింగ్ పట్టీలో తీగ లాగించాము. దీపం బల్లను వెతుక్కుంటూ రాదు కాబట్టి, అద్దె ఇంట్లో ఉన్నవారికి కూడా నేను ఇదే చెబుతాను, ముందు బల్లను జరపండి.

నేను చేసిన తెలివితక్కువ పని ఆ తరువాతిది. కూర్చున్నవారి కంట్లో బల్బు పొడుచుకోకూడదని గంప మూతికి సన్నటి బద్దలతో వలలాంటి మూత ఒకటి అల్లించి, మొత్తాన్ని తీగతోనే వేలాడదీశాను. మొదటి భోజనానికి మా అత్తగారిని, మామగారిని పిలిచాము. కంచంలో వేడి అన్నం పెట్టి నెయ్యి వేసేలోపు మామగారు అన్నాన్ని చేత్తో ఒక పక్కకు తీసి చూశారు, మళ్లీ ఇంకో పక్కకు తీశారు, కళ్లజోడు సవరించుకుని మూడోసారి కూడా తీశారు. తరువాత చాలా మెల్లగా, కూతురికి మాత్రమే వినబడాలన్నట్లు, "అమ్మాయీ, అన్నంలో చీమలున్నట్టున్నాయి" అన్నారు. పక్కనున్న ఫ్యాను గాలికి గంప ఊగుతున్నది, మూత బద్దల నీడలు తెల్లటి అన్నం మీద నల్లగా, బారులు తీరి, నిజంగానే చీమల్లా పాకుతున్నాయి. నేను ఫ్యాను ఆపాను, చీమలు ఆగాయి. చెమటలు కారుతుండగా అందరమూ ముగించిన ఆ భోజనం చివర మా అత్తగారు, "కోళ్ల గంప కింద కూర్చోబెట్టి మేత వేశారు అల్లుడుగారు" అన్న మాట మా బంధువులందరి ఇళ్లకూ చేరింది.

దిద్దుబాటుకు రెండు పనులు చేశాను. మూత తీసేసి, దాని స్థానంలో మామగారి పాత పంచె ముక్కనే డోలు చర్మంలాగా మూతికి బిగించి కుట్టాను. బద్దల నీడలన్నీ గోడల మీదికి పోయాయి, కంచాల మీద మాత్రం నీడ లేని మెత్తటి వెలుతురు మిగిలింది. గుడ్డ బల్బుకు అడుగు దూరంలో ఉంటుంది, గంప పక్కలన్నీ కంతలే కాబట్టి లోపల వేడి నిలవదు. వానాకాలంలో పురుగులు చేరతాయి కనుక నెలకొకసారి ఊడదీసి ఉతకాలి. రెండో పనిగా, గంప ఊగకుండా మూడున్నర అడుగుల సన్నటి ఇనుప పైపును స్లాబుకు బిగించి, తీగను దాని లోపలి నుంచి దింపి, గంప బరువంతా ఆ పైపు మీదనే పడేలా చేశాను. ఇనుము వాడితే మూడో తీగ, అంటే ఎర్తు, ఆ పైపుకు తప్పక కలపాలి. గంప అంచు బల్ల పైభాగం నుంచి 30 నుంచి 36 అంగుళాల మధ్య ఉంటే ఎదుటివారి ముఖానికి అడ్డం రాదు, వెలుతురూ చెదిరిపోదు. వెడల్పు బల్ల వెడల్పులో మూడింట రెండు వంతులు చాలు. గంప, హోల్డరు, తీగ, బల్బు, పట్టీ, పైపు అన్నీ కలిపి 930 రూపాయలయ్యాయి, దండగైన మూత 60 రూపాయలు వేరే.

ఎలక్ట్రీషియను కూలీ కూడా వేరే. అతని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అతను స్విచ్చును కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్‌కు వేసి వెళ్లిపోయాడు. దీపం వెలుగుతుంది, ఆరుతుంది, ఏ లోపమూ కనబడదు. కానీ స్విచ్చు ఆపి ఉన్నా హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. గుడ్డ ఉతకడానికి నెలనెలా అక్కడ చెయ్యి పెట్టేది మనమే కదా. పని అయ్యాక స్విచ్చు ఆపి, హోల్డరు పిన్నులకు టెస్టరు ఆనించి చూసుకోండి, వెలిగితే అతన్ని వెనక్కి పిలవండి. గంప అల్లికకు, గుడ్డ కుట్టుకు మన చేతులు చాలు కానీ, స్లాబులోని తీగల జోలికి మాత్రం నేను వెళ్లను.

తోలుబొమ్మల దీపాలు చేసుకోవచ్చా అని కూడా మీ ప్రశ్నలో ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేక తోలును పారదర్శకంగా శుభ్రం చేసి, చెక్కి, రంగులద్ది దీపాలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అది ఆదివారం మధ్యాహ్నం నేర్చుకునే విద్య కాదు, కొనుక్కోండి. కొన్నా హాలులో ఒక మూల పెట్టుకోండి, భోజనాల బల్ల మీద వద్దు. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు పడిన పెరుగన్నాన్ని ఏ పిల్లవాడూ తినడు.

గంప కొన్న వెంటనే లోపలా బయటా వార్నిష్ పూయడం మరచిపోవద్దు. నేను పూయలేదు. రెండో ఏడాది ఒక రాత్రి అంచు కట్టు నుంచి పసుపుపచ్చటి మెత్తని పొడి కంచాల పక్కన రాలింది. వెదురులోని పిండిపదార్థం కోసం పురుగు చేరి తొలుస్తున్నది. గంపను దించి, రెండు రోజులు ఎండబెట్టి, అంచు బద్దలు మార్పించి, రెండు పూతలు వేశాక మళ్లీ రాలలేదు. ఆ రాత్రి కూడా మామగారు మా ఇంట్లోనే ఉన్నారు. ఈసారి ఆయన ఏమీ అనలేదు, పప్పు గిన్నె మీద మూత పెట్టి నా వైపు చూశారు.