గుట్ట వాలున కందకాలు తవ్వడానికి పది మందిమి వెళ్తున్నాం, ఏ పనిముట్లు కొనాలి?

దేవరకొండ వైపు ఎర్ర చెలక, అందరూ కొత్తవాళ్లు, ఒక్క పూట పని అన్నారు. అట్లయితే కొనే ముచ్చట తర్వాత, ముందు కందకం తవ్వే గీత వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో ఉండేలా చూసుకోండి. కందకం మట్టంగా లేకపోతే నీళ్లన్నీ ఒక మూలకు చేరి అక్కడే గండి పడుతుంది.

మట్టం చూడటానికి మిషన్ అక్కర్లేదు. ఏడడుగుల కర్రలు రెండు పైన కలిపి కట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుమ అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారంతో రాయి వేలాడదీయండి. కాళ్లు ఆనిన రెండు చోట్లా మేకులు కొట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి. కాళ్లు అటుదిటు మార్చి అవే మేకుల మీద నిలిపి ఇంకో గీత పెట్టండి. రెండు గీతల నడుమ గుర్తు పెట్టుకోండి, ఆ తర్వాత వాలున ఎక్కడ నిలిపినా దారం ఆ గుర్తుకు వస్తే కాళ్లు ఆనిన రెండు చోట్లూ ఒకే మట్టం. రాయి తేలికైతే గాలికి ఊగి విసిగిస్తుంది.

పది మందికి మూడు గడ్డపారలు, నాలుగు పారలు, నాలుగు తట్టలు చాలు. ఊళ్లో అడిగితే దొరుకుతాయి. మట్టి పనికి పేరుపడ్డ పాలమూరు పక్కనే ఉంది, తెలిసిన మనిషి ఒక్కరు తోడున్నా మేలు.

గడ్డపార మొన మొద్దుబారితే కమ్మరి దగ్గర కాల్పించి సాగగొట్టించండి. మరీ పెళుసుగా పదును పెడితే మొరంలో రాయి తగలగానే పెచ్చు లేస్తుంది. పొడిచేటప్పుడు బలం పెట్టకండి, ఎత్తి దాని బరువుతోనే వదలండి. బిగబట్టి పట్టుకుంటే గంటలో అరచేతులు బొబ్బలెక్కుతాయి.

ఎండకు కామ, అంటే కర్ర పిడి, కుంచించుకుపోయి పార వదులవుతుంది. రాత్రంతా నానబెడితే బిగుస్తుంది గానీ ఎండెక్కేసరికి మళ్లీ అదే కథ. కన్నంలో తుమ్మ చీలిక దిగ్గొట్టండి.

కందకం 10 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. మట్టి కింది వైపే, అంచుకు అడుగు వదిలి పోయాలి. అంచునే పోస్తే మొదటి వానకే లోపలికి జారుతుంది. వరుసలో కందకాల మధ్య వదిలిన జాగాకు సరిగ్గా కింద రెండో వరుస కందకం రావాలి.

సర్కారు తుమ్మ అడ్డొస్తే పైపైన నరకకండి, నరికిన మొదలు నుంచి గుబురుగా మళ్లీ లేస్తుంది. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి వేరు గడ్డతో సహా లేపాలి. ముల్లు చెప్పులోంచి దిగుతుంది, మందపాటి బూట్లే వేసుకురండి.