కాళ్ల వాపుకు ఊళ్లోనే లాసిక్స్ ఇంజెక్షన్ వేయించొచ్చా?

నర్సంపేట దగ్గరి పల్లెలో మీ నాన్నకు కాళ్ల వాపు తగ్గడానికి ఆర్ఎంపీ లాసిక్స్ (ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే మందు) వేస్తానంటున్నాడని అడిగారు. ఇప్పుడే వద్దు. వాపు గుండె వల్లనా, కిడ్నీ వల్లనా తేలాలి. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్‌తోనూ కాళ్లు ఉబ్బుతాయి, దానికి లాసిక్స్ పెద్దగా పనిచేయదు.

నరానికిస్తే 5 నిమిషాల్లోనే మూత్రం జోరందుకుంటుంది. అందుకే ముందు బీపీ, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి. 20–40 మిల్లీగ్రాములైనా 1–2 నిమిషాలు తీసుకుని మెల్లగా ఎక్కించాలి. పెద్ద డోసు గబగబా ఎక్కిస్తే చెవుల్లో హోరు, ఒక్కోసారి చెవుడు. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా నడుస్తుంటే ముప్పు ఇంకా ఎక్కువ. ఆంపూల్‌లో (ఇంజెక్షన్ గాజు బుడ్డిలో) మందు పసుపెక్కితే వాడొద్దు.

ఎండాకాలం వాంతులు, విరేచనాలతో నీరసించిన మనిషికైతే అసలే వేయించకండి. పడుకుంటే ఆయాసం వస్తుంటే మాత్రం ఆలస్యం చేయక 108లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి.