కొన్న స్థలంలో పాత సమాధులు బయటపడితే?

ప్రశ్న: అమెరికాలోని టెక్సస్, కాలిన్ కౌంటీలో ఇల్లు కట్టుకుందామని మూడెకరాలు కొన్నాం. పొదలు కొట్టిస్తుంటే నాలుగు సమాధి రాళ్లు కనిపించాయి. ఒకదాని మీద 1850ల నాటి తేదీ ఉంది. రాళ్లు తీసేసి చదును చేద్దామంటున్నాడు కాంట్రాక్టర్. మా పత్రాల్లో శ్మశానం ఊసే లేదు. ఏం చేయాలి? ఆ కుటుంబం ఎవరో తెలుసుకోవచ్చా?

జవాబు: ముందు పని ఆపించండి. ఆ మాట కాంట్రాక్టర్‌కు ఈమెయిల్‌లో కూడా రాసి పెట్టండి. రాయి పీకితే క్రిమినల్ కేసు అవుతుంది. స్థలం మీ పేరనే ఉన్నా, టెక్సస్‌లో మనుషులను పూడ్చిన నేల శ్మశానం కిందే లెక్క. దానికి కాగితం ఉండనక్కర్లేదు. ఎన్ని చేతులు మారినా, కోర్టు తీసేస్తే తప్ప ఆ హోదా పోదు.

సమాధులు కనిపించిన పది రోజుల్లోగా కౌంటీ క్లర్క్‌కు (కౌంటీ రికార్డులు చూసే అధికారి) నోటీసు దాఖలు చేయాలి. ఇది మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. చూడటానికి వచ్చేవాళ్లను ఆపకూడదు. దారి, తగిన వేళలు మాత్రం మీరు నిర్ణయించవచ్చు. అవశేషాలను వేరేచోటికి తరలించడానికి అనుమతుల ప్రక్రియ ఉంది కానీ, నన్నడిగితే ఇంటి ప్లానే పక్కకు జరుపుకోండి.

నాలుగు రాళ్లున్నాయని నాలుగే సమాధులనుకోకండి. పొడి అక్షరాలు మాత్రమే ఉన్న చిన్న రాయి చాలాసార్లు కాళ్లవైపు పెట్టినది. రాయి లేని సమాధులూ ఉండొచ్చు. పురావస్తు నిపుణుడితో హద్దులు గుర్తింపజేశాకే పునాది మాట ఎత్తండి.

ఇక ఆ కుటుంబం సంగతి. మీ డీడ్‌లో, అంటే స్థలం దస్తావేజులో, వివరం చూడండి: ఫలానా వారి సర్వే (మొదట కొలిచిన భూమి), అబ్‌స్ట్రాక్ట్ నంబరు (ఆ భూమికి ఇచ్చిన గుర్తు సంఖ్య) ఇంత అని ఉంటుంది. ఆ పేరు సాధారణంగా మొదట ఆ భూమి పొందిన మనిషిదే. 1841లో మొదలైన పీటర్స్ కాలనీ (కొత్తవాళ్లకు భూములిచ్చి రప్పించిన పథకం) కింద ఈ ప్రాంతానికి చాలా కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆ నంబరుతో ఆస్టిన్‌లోని జనరల్ ల్యాండ్ ఆఫీసులో (రాష్ట్ర భూముల రికార్డుల కార్యాలయం) పాత ఫైలు వెతకవచ్చు. తర్వాత కౌంటీలో పాత డీడ్‌లన్నీ వరసగా చదివించండి. "శ్మశానం మినహా" అన్న ముక్క ఎక్కడైనా ఉంటే, ఆ కాస్త నేల అసలు మీకు అమ్మారా లేదా అన్న ప్రశ్న కూడా వస్తుంది.

1850 జనాభా లెక్కల్లో ఇంట్లో ఒక్కొక్కరి పేరూ రాశారు, కానీ స్వేచ్ఛగా ఉన్నవారివే. బానిసలకు వయసు, ఆడా మగా, రంగు రాసి, యజమాని పేరు కింద చేర్చారు. రాయి లేని సమాధుల్లో వాళ్లూ ఉండొచ్చు. చట్టం దృష్టిలో ఆ సమాధులకూ అంతే రక్షణ ఉంది. మీరు గీయించే హద్దులో వాటినీ కలపండి. ఆధారాలు పోగయ్యాక టెక్సస్ హిస్టారికల్ కమిషన్‌కు (చారిత్రక స్థలాలను చూసే రాష్ట్ర సంస్థ) చారిత్రక శ్మశానం గుర్తింపు కోసం దరఖాస్తు చేయండి. గుర్తింపు వస్తే అది కౌంటీ డీడ్ రికార్డుల్లోకి ఎక్కుతుంది.