ఆర్డర్లు పెరిగితే నాణ్యత ఎందుకు తగ్గుతుంది?

ఆర్డర్లు రెట్టింపయ్యాక వాపసు వచ్చే సరుకు కూడా పెరిగిందనీ, చివరి తనిఖీకి మరో ఇద్దరిని పెట్టుకోవాలా అనీ అడిగారు. ప్లాస్టిక్ విడిభాగాలను అచ్చులో పోసి, బిగించి, ప్యాక్ చేసి పంపే కర్మాగారంలో నేను నాణ్యత విభాగం చూసేవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే పెట్టుకోవద్దు.

ఒకే వస్తువును ఇద్దరు చూస్తే లోపాలు ఎక్కువ దొరకాలి. కానీ మొదటి వ్యక్తి "వెనక ఇంకొకరు చూస్తారులే" అనుకుంటారు, రెండో వ్యక్తి "ముందే చూసి పంపారు కదా" అనుకుంటారు. మా దగ్గర జరిగింది అదే. పైగా తనిఖీ చెడ్డవాటిని ఏరగలదే తప్ప, అవి తయారు కాకుండా ఆపలేదు.

ముందుగా, ఆర్డర్లు పెరిగాక ఒక దశకూ మరో దశకూ మధ్య ఎంత సరుకు పేరుకుని ఉందో లెక్కపెట్టించండి. జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఒకటుంది: వరుసలో ఉన్న వస్తువుల సంఖ్యను గంటకు బయటికి వెళ్లే సంఖ్యతో భాగిస్తే, ఒక్కో వస్తువు సగటున ఎంతసేపు ఆగుతుందో తెలుస్తుంది. బిగింపు దగ్గర గంటకు 50 వెళ్తూ, ముందు 600 ఆగి ఉన్నాయనుకోండి. అచ్చులో ఇప్పుడు మొదలైన లోపం బిగించేవారి చేతికి వచ్చేసరికి 12 గంటలు! అప్పటికి షిఫ్ట్ మారిపోతుంది, ముడిసరుకు బస్తా మారిపోతుంది, కారణం అడిగితే చెప్పేవారు ఉండరు. ఆ 600ను 100కు దించితే రెండు గంటల్లోనే బయటపడుతుంది. యంత్రం ఖాళీగా ఉండకూడదని ఎడాపెడా పోయించే యజమానులకు ఇది రుచించదు. నేను పనిచేసిన చోటా రుచించలేదు, వాపసుల ఖర్చు కాగితం మీద పెట్టేదాకా.

రెండోది, యంత్రాన్ని ఎవరు ఎప్పుడు సవరిస్తున్నారో చూడండి. ఒక ముక్క కాస్త బరువుగా వస్తే ఆపరేటర్ ఒత్తిడి తగ్గిస్తారు, తర్వాతి షిఫ్ట్‌లో ఒకటి తేలికగా వస్తే ఇంకొకరు పెంచుతారు. ఇద్దరూ శ్రద్ధగలవారే, కానీ తేడాలు తగ్గకపోగా పెరుగుతాయి. ఏ యంత్రంలోనైనా సహజమైన హెచ్చుతగ్గులు కొన్ని ఉంటాయి. వాటినీ, నిజంగా ఏదో చెడినప్పుడు వచ్చే తేడానూ వేరుచేయడానికే వాల్టర్ షూహార్ట్ అనే శాస్త్రవేత్త 1924లో, అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో, కొలతలను వరుసగా గుర్తించుకుంటూ పోయే నియంత్రణ పటాన్ని (కంట్రోల్ చార్ట్) రూపొందించారు. సగటుకు అటూ ఇటూ మూడు ప్రామాణిక విచలనాల (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) దూరంలో రెండు గీతలుంటాయి. కొలత ఆ గీతలు దాటినా, చాలా కొలతలు వరుసగా సగటుకు ఒకే పక్కన పడుతున్నా కారణం వెతకాలి, లేకపోతే యంత్రం జోలికి వెళ్లకూడదు. ఒక జాగ్రత్త: ఆ గీతలు మీ యంత్రం ఇచ్చిన కొలతల నుంచి రావాలి. కొనుగోలుదారు డ్రాయింగ్‌లో ఇచ్చిన హద్దులను తెచ్చి గీస్తే పటం ఎందుకూ పనికిరాదు. చాలాచోట్ల జరిగేది అదే.

కొలతలు కూడా వేడి ముక్క మీద తీసుకోకండి. ప్లాస్టిక్ చల్లారే కొద్దీ కుంచించుకుంటుంది.

టయోటా కర్మాగారాల్లో లోపం కనిపిస్తే కార్మికులు తాడు లాగి సాయం పిలుస్తారని, కాసేపట్లో సర్దుబాటు కాకపోతే లైన్ ఆగుతుందని వినే ఉంటారు. తాడు కట్టడం సులువే. లాగిన మనిషిని సూపర్‌వైజర్ ఆ పూట ఏమంటారన్నదే అసలు విషయం. ఒక్కసారి కసురుకుంటే మళ్లీ ఎవరూ లాగరు.

వస్తువులు కాకుండా సేవలు అందించే చోట నాణ్యత సంగతీ అడిగారు. అక్కడ ముందే చేసి నిల్వ పెట్టడం కుదరదు, కాబట్టి పని చేతులు మారే చోట్లు లెక్కపెట్టండి. పది చేతులు మారి, ఒక్కో చోట 99 శాతం సరిగా జరిగినా, ఎక్కడా తప్పు లేకుండా పూర్తయ్యేది సుమారు 90 శాతమే. శిక్షణ తరగతుల కంటే రెండు చేతులు తగ్గించడం మేలు.

ఇవన్నీ చేశాక కూడా మనుషులు కావాలనిపిస్తే ఒకరిని తీసుకోండి. వారిని ప్యాకింగ్ దగ్గర కాకుండా అచ్చు యంత్రం దగ్గర నిలబెట్టండి, యంత్రం ఆపించే అధికారంతో సహా.