ఫుట్‌బాల్ అభిమానులకు తమ క్లబ్ పై డివిజన్‌కి వెళ్లాలని నిజంగా ఉంటుందా?

ఉండదు. నేను దగ్గర్నుంచి చూసింది ఒక్క ఊరినే కానీ, ఆ ఒక్క ఊరు చాలు ఈ మాట చెప్పడానికి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ డివిజన్లు మెట్లలా ఉంటాయి, ప్రతి ఏడూ బాగా ఆడినవాళ్లు పై మెట్టుకి, చివర నిలిచినవాళ్లు కింది మెట్టుకి. వాళ్లకి కావాల్సింది పైకి వెళ్లే రోజు. ఆ తర్వాత వచ్చే ఏడాది కాదు. "మావాళ్లు పైకి పోవాలి" అని తొమ్మిది నెలలు గొంతు చించుకుంటారు, నిజమే. మనం కూడా ప్రతి ఆదివారం రాత్రీ రేపట్నుంచి పొద్దున్నే లేచి వాకింగ్‌కి పోవాలనే అనుకుంటాం కదా.

2022 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చేయడానికి ఇంగ్లండ్‌లోని లూటన్ వెళ్లాను. లండన్‌కి ఉత్తరాన, పేరుకి ఎయిర్‌పోర్టున్న ఊరు. బెరీ పార్క్ అనే పేటలో మూడు బెడ్‌రూముల ఇంట్లో ఆరుగురం తెలుగువాళ్లం. బయటికొస్తే హలాల్ మటన్ కొట్లు, చీరల షాపులు, మిఠాయి దుకాణాలు. ఆ ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది లూటన్ టౌన్ వాళ్ల కెనిల్‌వర్త్ రోడ్ స్టేడియం. 1905 నుంచీ అక్కడే. వెళ్లిన మొదటి నెల దాన్ని పాత గోడౌన్ అనుకున్నాను. ఓక్ రోడ్ వైపు, ఒకదానికొకటి అతుక్కుని కట్టిన ఇళ్ల వరసలో, ఇళ్ల కింద నుంచి ఒక దారి తీశారు. అవతలి జట్టు అభిమానులు లోపలికి పోవాల్సింది అందులోంచే. మెట్లెక్కుతుంటే కింద జనం పెరట్లు, దండేల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. తర్వాత ఆర్సెనల్, మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు కూడా ఆ పెరట్ల మీంచే వెళ్లారు.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. వాక్స్‌హాల్ కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. మేం అంకుల్ అనేవాళ్లం, మమ్మల్ని ఆరుగుర్నీ కలిపి "అబ్బాయిలూ" అనేవాడు. మా పేర్లు పలకడానికి ఒక్కసారి ప్రయత్నించి మానేశాడు. సీజన్ టికెట్ ఎన్నేళ్ల నుంచి ఉందని అడిగితే ఏళ్లు చెప్పడు, ఎవరితో ఓడిపోయినప్పుడు కొన్నాడో చెప్తాడు. 2008–09లో లూటన్‌కి 30 పాయింట్లు కోత పెట్టారు, డబ్బు లెక్కల తప్పులకి. సున్నా కన్నా 30 కింద మొదలుపెట్టి, ఏకంగా నాలుగు డివిజన్ల లీగ్ బయటికే పోయారు. ఐదేళ్లు అక్కడే. 2014లో తిరిగొచ్చారు. ఆ ఐదేళ్లూ చిన్న చిన్న ఊళ్లకి తిరిగానని పెద్దాయన మురిపెంగా చెప్పుకునేవాడు. కష్టాలు చెప్పుకుంటున్నాడేమో అని జాలిపడబోయాను కూడా. తర్వాత అర్థమైంది, ఆయనకి అవి కష్టాలు కావు.

ఇక 2023 మే 27. వెంబ్లీలో కోవెంట్రీతో ఫైనల్. రెండో డివిజన్‌లో 24 జట్లుంటాయి, అప్పట్లో మొదటి రెండూ నేరుగా పై డివిజన్‌కి, అంటే ప్రీమియర్ లీగ్‌కి వెళ్లేవి, మూడు నుంచి ఆరు దాకా వచ్చిన జట్లు ఆ మిగిలిన ఒక్క చోటు కోసం కొట్టుకునేవి. గెలిచినవాళ్లకి తక్కువలో తక్కువ 170 మిలియన్ పౌండ్లు అని ఆ ఏడాది డెలాయిట్ వాళ్లు లెక్క కట్టారు. లూటన్ మూడో స్థానంలో ఉంది.

పెద్దాయనకి మోకాలి ఆపరేషనై మూడు వారాలే అయింది. టికెట్ మనవడికిచ్చి మా ఇంటికొచ్చాడు. మా దగ్గర ఉన్నది ల్యాప్‌టాప్, అందులో ఎక్కడి నుంచి వస్తోందో అడగకూడని ఒక స్ట్రీమ్. చిక్కేమిటంటే మా స్ట్రీమ్ వీధి కన్నా నలభై సెకన్లు వెనక. చుట్టుపక్కల ఇళ్లలో టీవీ ముందు నడుస్తోంది, మాది వెనక. జోర్డన్ క్లార్క్ గోల్ కొట్టినప్పుడు గోడ అవతల ఇల్లు లేచిపోయింది, మా ల్యాప్‌టాప్‌లో బంతి ఇంకా ఎవరి కాళ్ల దగ్గరో ఉంది. అంతకు ముందే లూటన్ కెప్టెన్ టామ్ లాకియర్ మైదానంలో కుప్పకూలాడు, స్ట్రెచర్ మీద ఆస్పత్రికి తీసుకుపోయారు. అప్పుడు మాత్రం వీధికీ మాకూ తేడా లేదు, అంతా నిశ్శబ్దమే. రెండో సగంలో కోవెంట్రీ ఆటగాడు హామెర్ కొట్టి 1–1 చేశాడు. ఆ గోల్ మాకు పక్క గోడలోంచి ఒక బూతుమాటగా ముందే అందింది.

ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో వీధి మళ్లీ పేలింది. మేం కుర్చీలు జరుపుకుని రెడీగా కూర్చున్నాం. నలభై సెకన్లకి జో టేలర్ గోల్ కొట్టాడు. ఆరుగురం అరిచాం, పెద్దాయన ఆపరేషన్ మోకాలి మీదే లేచి నిలబడ్డాడు. అరుస్తూ అరుస్తూ గమనించాం, బయట చప్పుడు లేదు. వీడియో రిఫరీ బంతికి చెయ్యి తగిలిందన్నాడట, గోల్ రద్దు చేశారు. వీధి అప్పటికే ఆ బాధలో ఉంటే మేమింకా గంతులేస్తున్నాం.

పెనాల్టీలు మొదలయ్యాక పెద్దాయన "నేను చూడను" అని పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్కడ నిలబడి వీధి అరుపుల్ని బట్టి లెక్క పెట్టుకుంటున్నాడు. లూటన్‌వాళ్లు ఆరుకి ఆరూ కొట్టారు. కోవెంట్రీవాళ్లు ఐదు కొట్టారు. ఆరోది ఫాంకటీ డాబో కొట్టాలి. మా ల్యాప్‌టాప్‌లో అతను ఇంకా మైదానం మధ్యలోంచి నడుచుకుంటూ వస్తున్నాడు, ఇంతలో నాలుగు వైపుల నుంచీ అరుపు. ఇళ్లలోంచి, రోడ్డు మీంచి, కార్ల హారన్లు. మాకు తెలిసిపోయింది, అతనికింకా తెలియదు. అతను బంతి తీసుకుని, సరిచేసి, వెనక్కి నడిచి, ఊపిరి పీల్చుకుని పరిగెత్తే దాకా మేం ఆరుగురం నోరు మెదపకుండా చూశాం. బంతి బార్ పైనుంచి పోయింది. మాలో ఎవడూ అరవలేదు. ఆ కుర్రాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. లూటన్ గోల్స్ మాత్రం ఎలా పడ్డాయో మర్చిపోయాను.

టీ పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. పెద్దాయన గుమ్మం మెట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత పై డివిజన్! 1992లో కిందికి దిగారు, ఆ వేసవి తర్వాతే ప్రీమియర్ లీగ్ మొదలైంది, కాబట్టి అందులో లూటన్ ఎప్పుడూ ఆడలేదు. నేను కంగ్రాచ్యులేషన్స్ చెప్పాను. ఆయన కప్పు తీసుకుని అన్న మాట: "అయిపోయింది. ఇంక ప్రతి శనివారం తన్నులు తినాలి. అదీ శనివారం ఆడనిస్తే."

ఆ చివరి ముక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆగస్టు తర్వాత అర్థమైంది. శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ అక్కడివాళ్లకి మనకి శనివారం ఏడుకొండలవాడి లాంటిది. టీవీవాళ్లు దాన్ని శుక్రవారం రాత్రికో, ఆదివారానికో, మంగళవారానికో జరుపుతారు. జరపకపోతే ఇంకో తమాషా. శనివారం మూడింటి మ్యాచ్‌లని బ్రిటన్‌లో టీవీలో లైవ్ వేయకూడదు, జనం స్టేడియాలకి రావడం మానేస్తారని పాత నియమం. మిగతా ప్రపంచమంతా చూడొచ్చు. నవంబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ని 2–1తో ఓడించారు, ప్రీమియర్ లీగ్‌లో ఆ స్టేడియంలో మొదటి గెలుపు. ఖమ్మంలో మా తమ్ముడు రాత్రి ఎనిమిదిన్నరకి మంచం మీద పడుకుని ఫోన్‌లో చూశాడు. రెండు వీధుల అవతల ఉన్న నేను కిటికీ తెరిచి అరుపులు విన్నాను. వాడు నాకు వాట్సాప్‌లో స్కోరు చెప్పాడు! టికెట్ సంగతి అడక్కండి. ముందు ఏడాది పెద్దాయన స్నేహితుడు రాలేనంటే అతని సీట్లో కూర్చుని చూసొచ్చాను. పైకి వెళ్లాక ఆ స్నేహితుడికి మ్యాచ్ రోజుల్లో జ్వరం కూడా రాలేదు.

వీడియో రిఫరీ గురించి ఒక మాట చెప్పకుండా వదల్లేను. రెండో డివిజన్ లీగ్ మ్యాచ్‌ల్లో అది లేదు. గోల్ పడితే పడినట్టే, పక్కవాడెవడో తెలియకపోయినా వాటేసుకోవచ్చు. పైన, గోల్ పడగానే అందరూ ముందు రిఫరీ చెవి వైపు చూస్తారు, అందులో వీడియో రిఫరీ ఏమంటున్నాడో అని. పండగ పూట తాళిబొట్టు తాకట్టు పెట్టి బూరెలు వండుకున్నట్టుంటుంది అది. 2024లో వుల్వ్స్ అనే క్లబ్బు వాళ్లు దీన్ని తీసేద్దామంటే క్లబ్బులన్నీ ఓటేశాయి, 19–1తో వద్దన్నాయి. ఓటు అభిమానులది కాదని చెప్పక్కర్లేదు.

అంకెలు చూడండి. పైకి వెళ్లిన ఏడాది 46 మ్యాచ్‌ల్లో ఓడింది 8. ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌ల్లో ఓడింది 24, గెలిచింది 6. 26 పాయింట్లతో కిందికి వచ్చేశారు. వాళ్లతో పాటు పైకెళ్లిన బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ కూడా వచ్చేశాయి. మరుసటి ఏడు పైకెళ్లిన మూడూ అంతే. ఏ తండ్రైనా ఇది తెలిసి కూతుర్ని ఇస్తాడా ఆ ఇంటికి?

ఇస్తాడు, ఎందుకంటే ఇంటి పేరు గొప్పది. ఇది నాకు స్వానుభవం. పదో తరగతి దాకా మా బడిలో నేనే ఫస్టు. తర్వాత విజయవాడ పక్కన ఒక పేరున్న రెసిడెన్షియల్ కాలేజీలో పడేశారు. వారానికో పరీక్ష, గోడ మీద ర్యాంకుల కాగితం. నా పేరు వెతకాలంటే నేను కింద నుంచి చదివేవాడిని, త్వరగా దొరుకుతుందని. దసరాకి ఇంటికొస్తే చుట్టాలు ఏ కాలేజీ అని అడిగి, పేరు వినగానే "ఓహో" అనేవారు. ర్యాంకెంత అని ఒక్కరూ అడగలేదు. నాన్నకి ఆ "ఓహో" చాలు. నేను గోడ దగ్గర నిలబడ్డ సంగతి ఆయనకి తెలియదు, నేనూ చెప్పలేదు. లూటన్‌లో ఆ ఏడాది టీ కొట్టువాడి దగ్గర్నుంచి "మేం ప్రీమియర్ లీగ్" అంటుంటే నాకు ఆ ఓహోయే వినిపించింది.

మనవాళ్లకి ఈ బాధ తెలియదు. తెలుగువాడు ఫుట్‌బాల్ అభిమాని అయ్యాడంటే పుట్టుకతోనే టాప్ డివిజన్. మా ఇంట్లో నలుగురు మాంచెస్టర్ యునైటెడ్, ఒకడు చెల్సీ. కిందికి పడని క్లబ్బుని ఎంచుకుని, పడే అవకాశం ఉన్నవాళ్లకి ధైర్యం చెప్తుంటారు. మన హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి డెక్కన్, దేశంలో రెండో మెట్టయిన ఐ-లీగ్‌లో 2022–23లో రెండో స్థానం, 2023–24లోనూ రెండో స్థానం. ఒక్క జట్టే పైకి, ఐఎస్ఎల్‌కి, వెళ్లేది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. ఇది చదువుతున్న హైదరాబాద్‌వాళ్లలో ఎంతమంది ఆ రాత్రి అన్నం మానేశారో చేతులెత్తండి.

ఇంత చెప్పాక నా మాటకే అడ్డొచ్చే సంగతి ఒకటుంది, దాచడం ఇష్టం లేదు. 2023 డిసెంబర్ 5, మంగళవారం రాత్రి ఆర్సెనల్ వచ్చింది. లూటన్ ఒక దశలో 3–2 ఆధిక్యంలో ఉంది. ఆర్సెనల్ సమం చేసింది, 97వ నిమిషంలో డెక్లన్ రైస్ తలతో కొట్టి 4–3 చేశాడు. పెద్దాయన కుంటుకుంటూ ఇంటికొస్తుంటే గేటు దగ్గర కనిపించి, ఏమనాలో తెలియక చలిగా ఉంది అంకుల్ అన్నాను. ఆయన లూటన్ మూడో గోల్ ఎలా పడిందో అక్కడే, చలిలో, చేతులతో చూపిస్తూ పావుగంట చెప్పాడు. ఆర్సెనల్ నాలుగోదాని ఊసే ఎత్తలేదు.

2025లో లూటన్ ఇంకో మెట్టు దిగింది, మూడో డివిజన్‌కి. నేను ఊరు మారాను. మొన్న ఫోన్ చేస్తే పెద్దాయన హుషారుగా ఉన్నాడు. మ్యాచ్‌లు మళ్లీ శనివారం మూడింటికట, స్నేహితుడికి మళ్లీ జ్వరాలు వస్తున్నాయట, సీటు ఖాళీగా ఉంది రమ్మన్నాడు. మా పాత ఇంట్లో దిగిన కొత్త కుర్రాళ్లు కూడా తెలుగువాళ్లేనట. పెట్టేసే ముందు అడిగాడు: "ఏమంటావు, ఈ ఏడు పైకి పోతామా?"