ఓవెన్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా? పాతది మాత్రం అప్పుడే చేతులు మార్చకండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. పదిహేను నెలల కిందట రూ.14,500 పెట్టి 28 లీటర్ల కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్ కొన్నాం. ఇంట్లో వాడుకోవడంతో పాటు వారానికి రెండు మూడు పుట్టినరోజు కేకులు చేసి తెలిసినవాళ్లకు అమ్ముతుంటాను. పదకొండో నెలలో లోపల నిప్పురవ్వలు వస్తే కంపెనీ మెకానిక్ వచ్చి ఏదో షీటు మార్చి, డబ్బులు తీసుకోకుండా వెళ్లాడు. ఇప్పుడు లైటు వెలుగుతుంది, ప్లేటు తిరుగుతుంది, అన్నం మాత్రం వేడెక్కదు. మెకానిక్ చూసి మాగ్నెట్రాన్ పోయిందన్నాడు, రూ.6,200 అవుతుందట. 'దానికి బదులు కొత్తది కొనుక్కోండి, పాతదానికి రూ.1,500 ఎక్స్ఛేంజ్ ఇప్పిస్తా' అంటున్నాడు. వారంటీ మాట ఎత్తితే, 'ఏడాదితోనే అయిపోయింది, పైగా మీరు కేకులు అమ్ముతారు, అది కమర్షియల్, ఎక్కడికెళ్లినా చెల్లదు' అన్నాడు. ఏం చేయమంటారు? కేసు వేస్తే కొత్త ఓవెన్ వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కొనడమా బాగుచేయించడమా అన్నది నాలుగు రోజులాగి తేల్చుకోవచ్చు. ముందు ఆ పదిహేను వందలకు ఆశపడి పాత ఓవెన్‌ను మాత్రం ఇచ్చేయకండి. చిత్తూరు నుంచి ఒకాయన ఫ్రిజ్ తగాదాతో నా దగ్గరికి వచ్చాడు. కాగితాలన్నీ పద్ధతిగా ఫైలులో పెట్టుకొచ్చాడు. 'ఫ్రిజ్ ఎక్కడుంది?' అంటే, 'ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాం సార్' అన్నాడు. ఇక ఏం పరీక్ష చేయిస్తాం? లోపం ఉందని చెప్పాల్సిన వస్తువే పాతసామాన్ల గోడౌన్‌కు పోయింది. మీ గొడవలో మొదటి సాక్షి ఆ ఓవెనే. దాని వెనకాల అతికించి ఉండే స్టిక్కర్‌ను, అందులోని మోడల్ నంబరూ సీరియల్ నంబరూ స్పష్టంగా కనబడేటట్టు, ఈ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత వారంటీ కార్డు వెతకండి. పెద్ద అక్షరాల్లో ఉండే 'ఒక సంవత్సరం' దగ్గర ఆగిపోకుండా కింద చిన్న అక్షరాల దాకా చదవండి. మైక్రోవేవ్‌లకు చాలా కంపెనీలు మొత్తం యంత్రానికి ఏడాది, మాగ్నెట్రాన్‌కు విడిగా మరికొన్నేళ్లు వారంటీ ఇస్తాయి. మాగ్నెట్రాన్ అంటే ఓవెన్‌కు గుండెకాయ, వేడి పుట్టించే తరంగాలు దాంట్లోంచే వస్తాయి. 'ఏడాదితో అయిపోయింది' అనే మాట మిగతా యంత్రం వరకు నిజం కావచ్చు, మాగ్నెట్రాన్ విషయంలో అబద్ధం కావచ్చు. కార్డులో ఆ మాట ఉంటే సామాను ఉచితం. ఇంటికి వచ్చినందుకు విజిటింగ్ చార్జీ, బిగించినందుకు కూలి, వాటి మీద 18 శాతం జీఎస్టీ మాత్రం సాధారణంగా మీరే పెట్టుకోవాలి. రూ.6,200 ఎంతకు దిగుతుందో ఆ చిన్న అక్షరాలే చెప్తాయి. కార్డు కనబడకపోతే కంగారు పడొద్దు, మోడల్ నంబరు చెప్పి కస్టమర్ కేర్‌ను ఈమెయిల్‌లో అడగండి. ఫోన్లో అడిగితే ఆ తర్వాత అన్నామా లేదా అని వాదన మొదలవుతుంది.

అసలు పోయింది మాగ్నెట్రానేనా అన్నది ఇంకో ప్రశ్న. లైటు వెలిగి, ప్లేటు తిరిగి, వేడి మాత్రం రాకపోతే హైవోల్టేజ్ డయోడో, కెపాసిటరో, తలుపు దగ్గరి స్విచ్చో పోయి ఉండొచ్చు. మాగ్నెట్రాన్‌తో పోలిస్తే అవి చాలా చవక. కాబట్టి ఏ భాగం పోయింది, ఏం పరీక్ష చేసి తేల్చారు, సామాను ఎంత, కూలి ఎంత అని ఎస్టిమేట్ రాయించుకోండి. నోటిమాట ఎస్టిమేట్ మీద ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మాగ్నెట్రాన్ వారంటీ ఉందో లేదో తేలేదాకా పక్కవీధి మెకానిక్ చేత విప్పించొద్దు కూడా. సీలు ఊడితే కంపెనీకి అదొక సాకు. ఇంట్లోవాళ్లు ఎవరైనా 'నేను చూస్తాలే' అని స్క్రూడ్రైవర్ పట్టుకుంటే అసలు ఒప్పుకోకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుంది.

ఇక 'కమర్షియల్' మాట. మెకానిక్‌లు దీన్ని బ్రహ్మాస్త్రంలా వాడతారు, వినేవాళ్లు భయపడి ఊరుకుంటారు కూడా. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వ్యాపారం కోసం కొన్నవాళ్లను వినియోగదారుల లెక్కలోంచి తీసేసిన మాట నిజమే. కానీ దాని కిందే వివరణ ఉంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని, తానే వాడుకుంటే అది వ్యాపార అవసరం కిందికి రాదు. 1995లోనే సుప్రీంకోర్టు ఇలాంటి తీర్పులో ఉదాహరణలిచ్చింది: ఆటో కొనుక్కుని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే, టైపు మిషను కొనుక్కుని తానే టైపు చేసేవాడూ వినియోగదారుడే. మీరేమో ఇంట్లో అన్నం వేడి చేసుకోవడానికి కూడా వాడే ఓవెన్‌లో వారానికి రెండు మూడు కేకులు మీ చేత్తో మీరే చేస్తున్నారు. నలుగురు పనివాళ్లను పెట్టి బేకరీ నడిపితే మాట వేరు. కాబట్టి మీరు వినియోగదారుల కమిషన్ (అదే, వినియోగదారుల కోర్టు) మెట్లెక్కకుండా ఈ మాట ఆపజాలదు.

కాకపోతే వారంటీ కార్డులోనే 'గృహ వినియోగానికి మాత్రమే' అని షరతు ఉంటే అది వేరే వాదన, దాన్ని కంపెనీ తప్పకుండా ఎత్తుకుంటుంది. ఇక్కడ మీకో మంచి జవాబుంది. కేకు ఏ మోడ్‌లో పెడతారు? కన్వెక్షన్‌లోనే అయితే అప్పుడు పనిచేసేవి హీటరూ, ఫ్యానూ. మాగ్నెట్రాన్ కదలదు. కేకుల వల్ల మాగ్నెట్రాన్ పోయిందనడం, ఫ్యాను వేసుకున్నందుకు ట్యూబులైటు మాడిందన్నట్టు ఉంటుంది. రెండూ కలిపి వాడే కాంబినేషన్ మోడ్‌లో పెడుతుంటే మాత్రం ఈ వాదన బలం తగ్గుతుంది, నాకైనా కమిషన్‌కైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంకో మాట: అమ్మకానికి కేకులు చేస్తున్నప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. 'ఇదే నా ఉపాధి' అని మీరు కమిషన్ ముందు అంటే అవతలి లాయరు మొదట అడిగేది ఆ కాగితమే. లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

కేసు వేస్తే కొత్త ఓవెన్ వస్తుందా? సూటిగా చెప్పాలంటే, కష్టం. కమిషన్ సెక్షన్ 39 కింద లోపం సరిచేయమనొచ్చు, కొత్తది ఇమ్మనొచ్చు, డబ్బు వడ్డీతో వెనక్కివ్వమనొచ్చు, నష్టపరిహారమూ వేయొచ్చు. కానీ భాగం మారిస్తే సరిపోయేచోట వస్తువు మొత్తం మార్చమనడం అరుదు. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు ఇదే అంది: వారంటీలో ఒప్పుకున్నది చెడిన భాగం బాగుచేయడం, లేదా మార్చడం, అంతేగానీ కొత్త కారు ఇవ్వడం కాదని. తయారీలోనే లోపం ఉందని నిపుణుడి నివేదికతో నిరూపిస్తే లెక్క మారుతుంది. అందుకు సెక్షన్ 38 కింద వస్తువును ల్యాబుకు పంపించమని అడగొచ్చు, దానికయ్యే ఫీజు ముందు మీ చేతే కట్టిస్తారు. మీకు కలిసొచ్చేది పదకొండో నెల నాటి నిప్పురవ్వలు. గొడవ వారంటీలోనే మొదలైందని చెప్పే ఆధారం అదే. మెకానిక్ ఆ రోజు జాబ్ షీటు ఇవ్వకపోయినా కంప్లయింట్ నంబరుతో ఫోన్‌కు మెసేజ్ వచ్చి ఉంటుంది. మెసేజ్‌లు తుడిచేసే అలవాటుంటే ఈ వారం మానుకోండి.

మరి డబ్బుల లెక్క ఏమిటంటారా? మాగ్నెట్రాన్ వారంటీ ఉందని తేలితే రెండో ఆలోచన లేకుండా బాగుచేయించండి. వారంటీ లేక, నిజంగా రూ.6,200 అయితే, అది కొన్న ధరలో నూటికి నలభై మూడు వంతులు. అప్పుడు కన్వెక్షన్ పనిచేస్తోందా అని అడగండి. అది బాగుంటే, మాగ్నెట్రాన్ జోలికి పోకుండా కన్వెక్షన్ ఒక్కటే వాడటం క్షేమమేనా అని టెక్నీషియన్ చేత రాయించుకోండి. సరేనంటే మీ కేకుల పని ఆగదు, అన్నం పొయ్యి మీద వేడి చేసుకోవచ్చు. కేకుల కోసమే కొత్తది కొనాలనుకుంటే నా ఓటు ఓటీజీకి (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసి ఉండే కరెంటు ఓవెన్). అందులో మాగ్నెట్రాన్ ఉండదు, పోతే హీటింగ్ రాడ్డు మార్చుకోవడం తేలిక. తలుపు వంగినా, సరిగా మూసుకోకపోయినా, లోపలి గోడ తుప్పుపట్టి చిల్లు పడినా మాత్రం బేరాలొద్దు, వాడటం ఆపేయండి. డబ్బు కట్టి బాగుచేయించుకుంటే బిల్లు మీద మార్చిన సామానుకు ఎన్ని రోజుల గ్యారంటీయో రాయించుకుని, తీసేసిన పాత భాగం అడిగి తెచ్చుకోండి.

కొన్న బిల్లు సంగతి మీరు రాయలేదు. థర్మల్ పేపర్ బిల్లయితే ఏడాది తిరిగేసరికి అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. నా దగ్గరికి అలాంటివి వారానికొకటి వస్తాయి. ఇంకా కనబడుతుంటే జిరాక్స్ తీయించండి, మాసిపోయి ఉంటే షాపులో నకలు అడగండి, ఫోన్‌పేలోనో కార్డుతోనో కట్టి ఉంటే ఆ స్టేట్‌మెంటు కూడా తీసిపెట్టండి.

వ్యవహారం ముదిరితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. కంపెనీలు చాలా ఫిర్యాదులు అక్కడే తేల్చేసుకుంటాయి. తేలకపోతే తిరుపతిలోనే జిల్లా కమిషన్ ఉంది. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరుండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచీ వేయొచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు ఉండాలన్న నిబంధన కూడా లేదు. కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లు గడువు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, ల్యాబు పరీక్ష కావాల్సిన దాన్ని ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఈ రాత్రికే కంపెనీకి ఈ నాలుగు మాటలు ఈమెయిల్ చేయండి:

'ఫలానా తేదీన కొన్న, ఫలానా సీరియల్ నంబరు గల ఓవెన్‌లో పదకొండో నెలలో నిప్పురవ్వలు వచ్చి మీ మెకానిక్ మరమ్మతు చేశారు. ఇప్పుడు వేడి రావడం లేదు, మాగ్నెట్రాన్ పోయిందని చెప్పారు. ఈ మోడల్‌కు మాగ్నెట్రాన్ వారంటీ ఎన్నేళ్లో, పోయిన భాగం ఏదో, అయ్యే ఖర్చు ఎంతో ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయండి. అంతవరకు ఓవెన్‌ను యథాతథంగా ఉంచుతున్నాను.'

కింద పాత కంప్లయింట్ నంబరు వేయడం మర్చిపోకండి.